గేటు తాళం ఎవరి దగ్గరుంది?

ఇండోనేషియాలోని యోగ్యకర్త. 2024 జూన్ 30. ఆసియా జూనియర్ బ్యాడ్మింటన్ పోటీల్లో చైనా, జపాన్ తలపడుతున్నాయి. మొదటి గేమ్ 11–11 దగ్గర ఉండగా చైనా కుర్రాడు జాంగ్ జిజియె ఉన్నట్టుండి కోర్టులో కూలిపోయాడు. వయసు 17. ఎవరూ ఢీకొట్టలేదు, దెబ్బా తగల్లేదు. వైద్య సిబ్బంది హాల్లోనే ఉన్నారు. అయినా వాళ్లు అతని దగ్గరికి చేరేసరికి సుమారు 40 సెకన్లు గడిచాయి. రిఫరీ పిలిస్తే తప్ప కోర్టులో అడుగుపెట్టకూడదన్న నిబంధన వాళ్లను ఆపిందని తర్వాత నిర్వాహకులు చెప్పారు. ఆ రాత్రే అతను ఆస్పత్రిలో చనిపోయాడు. సంతాపం తెలిపిన ఆటగాళ్లలో మన పి.వి.సింధు కూడా ఉంది.

గుండె హఠాత్తుగా ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్ గానీ కరెంటు షాక్ గానీ అందకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందన్నది వైద్యులు ఎప్పటినుంచో వాడుతున్న లెక్క. ఆ లెక్కన 40 సెకన్లంటే 5 నుంచి 7 శాతం. ఆ కుర్రాడు ఆ ఆలస్యం వల్లే పోయాడని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. కానీ ఆ 40 సెకన్లూ ఎందుకు పోయాయో చూడాలి. సిబ్బంది ఉన్నారు, వాళ్లకు పని తెలుసు. ‘ఆటగాడు పడి కదలకపోతే ఎవరి సైగ కోసమూ చూడొద్దు, పరుగెత్తు’ అన్న మాట మాత్రం ముందే ఎవరూ ఖాయం చేసి పెట్టలేదు.

అలాంటి మాటలన్నీ ముందుగా ఖాయం చేసుకుని రాసిపెట్టుకునే కాగితాన్నే ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ అంటారు. అమెరికాలోని నేషనల్ అథ్లెటిక్ ట్రైనర్స్ అసోసియేషన్ 2002లోనే ఇది ఎలా ఉండాలో మార్గదర్శకాలు ప్రచురించింది. వాటి సారం పెద్దదేమీ కాదు. ప్రతి మైదానానికీ విడిగా ప్లాన్ ఉండాలి. ఎవరు ఏం చేస్తారు, సామాను ఎక్కడుంటుంది, ఫోన్ ఎవరు చేస్తారు, అంబులెన్స్ ఏ దారిన వస్తుంది, ఏ ఆస్పత్రికి వెళ్తుంది అన్నవన్నీ అందులో ఉండాలి. కనీసం ఏడాదికోసారి అందరూ కలిసి చేసి చూసుకోవాలి. చదివితే ఇందులో తెలియనిదేముంది అనిపిస్తుంది. అంకెలు చూస్తే మాత్రం ఆ చివరి వాక్యం దగ్గరే అందరూ జారిపోయినట్టు తెలుస్తుంది.

గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, అంటే ఏఈడీ, ఉన్న 1,710 అమెరికా హైస్కూళ్లను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. రాతపూర్వక ప్లాన్ ఉన్న స్కూళ్లు 83 శాతం. ఏడాదికోసారైనా దాన్ని సాధన చేస్తున్నవి 40 శాతమే. అంటే సగానికి పైగా స్కూళ్లలో ప్లాన్ బీరువాలో ఉంటుంది, లేదా అసలే ఉండదు. డబ్బుకు లోటు లేని దేశంలో, యంత్రం కొనేసిన స్కూళ్ల సంగతి ఇది.

అదే అధ్యయనంలో మరో లెక్క ఉంది. ఆ స్కూళ్లలో గుండె ఆగి పడిపోయినవాళ్లు 36 మంది. వాళ్లలో విద్యార్థి క్రీడాకారులు 14 మందే. మిగతా 22 మంది టీచర్లు, ఉద్యోగులు, ఆట చూడ్డానికి వచ్చినవాళ్లు, అంపైర్ల వంటి పెద్దవాళ్లు. మనం మైదానం అనగానే ఆడేవాళ్ల గురించే ఆలోచిస్తాం. పొద్దున్నే ట్రాక్ మీద నడిచే రిటైర్డ్ ఉద్యోగులు, గ్యాలరీలో ఎండలో కూర్చున్న తండ్రులు, విజిల్ పట్టుకుని ఒంటిపూట పరుగెత్తే యాభయ్యేళ్ల పీఈటీ మన లెక్కలోకి రారు. 36 మందిలో బతికి ఇంటికెళ్లినవాళ్లు 23 మంది, అంటే 64 శాతం. విద్యార్థుల్లో 14కి 9, పెద్దల్లో 22కి 14, రెండుచోట్లా అదే నిష్పత్తి. రోడ్డు మీదో ఇంట్లోనో గుండె ఆగితే బతికి బయటపడేవాళ్లు చాలా దేశాల్లో పదిమందిలో ఒక్కరు కూడా అరుదే. ఇక్కడ 64 శాతం ఎలా వచ్చిందంటే, పడిపోవడాన్ని ఎవరో ఒకరు చూశారు, వెంటనే ఛాతీ నొక్కారు, యంత్రం దగ్గర్లో ఉంది.

దగ్గర్లో అంటే ఎంత దగ్గర? దీనికి జూదశాలల నుంచి ఒక జవాబు దొరికింది. అమెరికా కాసినోల్లో సెక్యూరిటీ గార్డులకు ఏఈడీ వాడకం నేర్పి, ఫలితాలను 2000లో ప్రచురించారు. కూలిపోయిన 3 నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లలో 74 శాతం బతికారు. 3 నిమిషాలు దాటాక అందినవాళ్లలో 49 శాతం. గార్డులు డాక్టర్లు కాదని గుర్తుంచుకోండి.

ఈ 3 నిమిషాలను మన మైదానంలో కొలిచి చూద్దాం. మొత్తం 180 సెకన్లు. మనిషి పడ్డాడు, పిలిస్తే పలకడం లేదు, ఊపిరి సరిగా లేదు అని గ్రహించడానికి 20 సెకన్లు. యంత్రం వచ్చాక ప్యాడ్లు అంటించి, అది చెప్పేది విని, మీట నొక్కేసరికి ఇంకో 40. మిగిలింది 120. పోవడానికి 60, రావడానికి 60. బూట్లో చెప్పులో వేసుకున్న మామూలు మనిషి సెకనుకు 3 మీటర్ల చొప్పున పరుగెత్తినా 180 మీటర్లు. 400 మీటర్ల ట్రాక్‌లో ఒక కొస నుంచి అవతలి కొసకు దాదాపు అంతే దూరం. మధ్యలో మెట్లుంటే దూరం తగ్గించుకోవాలి. ఇక యంత్రం ఆఫీసు గదిలో, ఆఫీసుకు తాళం, తాళం క్లర్కు జేబులో, క్లర్కు టీ కొట్టు దగ్గర ఉంటే ఈ లెక్కంతా అనవసరం. లక్ష రూపాయల చుట్టూ ఖరీదు చేసే వస్తువు పోతుందేమోనన్న భయం నిజమైనదే, కాదనను. కానీ గోడకు బిగించిన పెట్టెలో, తెరిస్తే అలారం మోగేలా పెడితే భయానికీ విరుగుడు దొరుకుతుంది, తాళమూ తప్పుతుంది. ఇంకో సంగతి, చాలా మోడళ్లను 50 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచకూడదు. మే నెలలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి ఎంత వేడి ఉంటుందో అందులో సామాను సర్దినవాళ్లకు చెప్పక్కర్లేదు.

యంత్రం వచ్చేదాకా చేతులు ఖాళీగా ఉండకూడదు. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. రెండు నిమిషాలకే మనిషి అలసిపోయి లోతు తగ్గిస్తాడు, తనకు తెలియకుండానే. కాబట్టి పక్కనే రెండో మనిషి మోకాళ్ల మీద సిద్ధంగా ఉండాలి. ఇక్కడ మన దగ్గర ఒక చిక్కుంది. గుండె ఆగిన మనిషికి మొదటి నిమిషంలో కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు, నోరు తెరిచి చేపలా గాలి మింగినట్టు చేయవచ్చు. చూసినవాళ్లు ‘ఫిట్స్’ అని అరుస్తారు. ఎవరో బండి తాళాలు తీసి పిడికిట్లో పెడతారు. ఇంకొకరు మొహాన నీళ్లు కొడతారు, మరొకరు పాదాలు రుద్దుతారు. అందరూ సాయం చేస్తున్నామనే అనుకుంటారు. ఆ లోపు రెండు నిమిషాలు పోతాయి, అంటే 14 నుంచి 20 శాతం. అందుకే ప్లాన్‌లో పెద్ద అక్షరాలతో రాయాల్సిన వాక్యం ఇది: ఎవరూ తగలకుండా, దెబ్బ లేకుండా ఆటగాడు పడిపోయి పలకకపోతే గుండె ఆగిందనే అనుకుని పని మొదలుపెట్టండి. తీరా కాదని తేలితే వచ్చే నష్టం బహు తక్కువ.

అంబులెన్స్ సంగతికి వద్దాం. 108 సేవ దేశంలో మొదలైందే మన దగ్గర, 2005 ఆగస్టు 15న, హైదరాబాద్ కేంద్రంగా. ఆ నంబరు తెలియని మనిషి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేడు. కానీ నంబరు తెలియడం, ఫోన్ వెళ్లడం ఒకటి కాదు. 2014 నవంబర్ 25న సిడ్నీ క్రికెట్ మైదానంలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్‌కు బౌన్సర్ మెడకు తగిలింది. 63 పరుగులతో ఆడుతున్నాడు. జట్టు డాక్టర్ గ్రౌండ్‌లోనే ఉన్నారు. ప్రపంచంలో అంతకన్నా పేరున్న మైదానాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ అంబులెన్స్‌కు ఫోన్ వెళ్లేసరికి 6 నిమిషాలు దాటింది. ఫోన్ చేసినవారికి గాయం ఎంత తీవ్రమో తెలియక సరిగా చెప్పలేకపోయారు. విచారణ జరిపిన కరోనర్ ఆ దెబ్బ నుంచి బతకడం ఎలాగూ సాధ్యం కాదని తేల్చారు, ఎవరినీ తప్పుపట్టలేదు. అయితే అత్యవసర స్పందనలో లోటు ఉందని రాసి, మైదానంలోకి వైద్య సాయాన్ని వేగంగా రప్పించేలా అంపైర్లకు శిక్షణ ఇవ్వాలని సూచించారు. ఇరవై మంది ఉన్న చోట ఫోన్ చేసేది ఎవరో చెప్పకపోతే ఇద్దరే మిగులుతారు: ఎవరో చేసే ఉంటారని అనుకునేవాడు, వీడియో తీసేవాడు.

ఫోన్ చేసేవాడి కాగితం మీద అయిదు సంగతులుండాలి. మైదానం పేరు, అందరికీ తెలిసిన ఆనవాలు, ఏ గేటు, మనిషి స్థితి, తిరిగి ఫోన్ చేయాల్సిన నంబరు. ‘హైస్కూల్ గ్రౌండ్’ అంటే మండల కేంద్రంలో మూడుంటాయి. ‘నీళ్ల ట్యాంకు పక్క గేటు’ అంటే ఒకటే.

ఇక గేటు. 2012 ఏప్రిల్ 14న ఇటలీలోని పెస్కారాలో లివోర్నో ఆటగాడు పియెర్మారియో మొరోసిని, 25 ఏళ్లవాడు, మ్యాచ్ మధ్యలో కూలిపోయాడు. అంబులెన్స్ లోపలికి రావాల్సిన దారికి అడ్డంగా ట్రాఫిక్ పోలీసుల కారు ఆపి ఉంది. అద్దం పగలగొట్టి దాన్ని పక్కకు జరపాల్సి వచ్చింది. ఆటగాడు దక్కలేదు. మరుసటి ఏడాది ఇటలీ ప్రభుత్వం క్రీడా సంస్థలకు ఏఈడీలను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు తెచ్చింది. కారు సమస్యకు మాత్రం ఉత్తర్వు అక్కర్లేదు, సున్నంతో గీసిన గళ్లు, ‘ఇక్కడ బండి ఆపకూడదు’ అన్న బోర్డు, మ్యాచ్ రోజు అక్కడ నిలబడే ఒక మనిషి చాలు.

మన ఊళ్లలో ఏ ప్రభుత్వ మైదానానికైనా వెళ్లి పెద్ద గేటును దగ్గరగా చూడండి. రెండు రెక్కల ఇనుప గేటు. మధ్యలో గొలుసు చుట్టి తాళం. గొలుసును కాస్త వదులుగా కట్టి, మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు ఉంచుతారు, బైకులు లోపలికి రాకూడదని. పిల్లలూ వాకర్లూ ఏళ్లతరబడి ఆ సందులోంచే వెళ్తుంటారు. అందుకే తాళం సంగతి ఎవరికీ పట్టదు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర అంటారు. వాచ్‌మన్ రాత్రి డ్యూటీ. హెడ్మాస్టర్ దగ్గర ఇంకొకటి ఉండాలి అంటారు. గొలుసుకు తుప్పు పట్టిన తీరు చూస్తే దాన్ని కిందటి ఆగస్టు 15 తర్వాత ఎవరూ తీయలేదని తెలిసిపోతుంది. స్ట్రెచర్ ఆ సందులో పట్టదు. ప్లాన్ రాయడానికి కూర్చున్నవాళ్లు మొదట చేయాల్సిన పని కుర్చీలోంచి లేచి వెళ్లి ఆ గేటు తెరవడం. తెరిచాక అంబులెన్స్ పొడవున్న వ్యాన్ ఒకదాన్ని గోల్‌పోస్టు దాకా నడిపించి చూడాలి, వీలైతే వానపడిన మర్నాడు.

అంబులెన్సే లేని రోజులూ చూశాం. 2012 మార్చి 21న బెంగళూరులో ఒక లీగ్ మ్యాచ్ ఆడుతూ డి.వెంకటేశ్ అనే 27 ఏళ్ల ఫుట్‌బాలర్ కుప్పకూలితే ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. అప్పటికే ఆలస్యమైంది. అదే నగరంలో 2004 డిసెంబర్ 5న ఫెడరేషన్ కప్ ఫైనల్లో గోల్ కొడుతూ గోల్‌కీపర్‌ను ఢీకొని డెంపో జట్టు బ్రెజిల్ స్ట్రైకర్ క్రిస్టియానో జూనియర్ చనిపోయాడు. దేశమంతా చూసిన ఆ చావుకీ ఆ ఆటోకీ మధ్య ఏడేళ్లు గడిచాయి.

ఇంతవరకూ గుండె లెక్క. వడదెబ్బ లెక్క దీనికి పూర్తిగా వ్యతిరేకం, అందుకే ఒకే ప్లాన్‌లో రెంటికీ వేర్వేరు పేజీలు కావాలి. పరుగెత్తుతూ పరుగెత్తుతూ పిల్లవాడు తూలి, మాట తడబడి, తిక్కగా ప్రవర్తిస్తూ పడిపోతే శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అప్పుడు ఆస్పత్రికి పరుగెత్తించడం రెండో పని. మొదటి పని చల్లబరచడం, అక్కడికక్కడే. 30 నిమిషాల్లో 39 డిగ్రీల లోపుకు దించితే ప్రాణం దాదాపు దక్కినట్టే. ‘దాదాపు’ అన్నాను గానీ, అమెరికాలోని ఫాల్మత్‌లో ఏటా ఆగస్టులో జరిగే 7 మైళ్ల పరుగు పందెం లెక్క ఇంకా గట్టిది. 18 పందేల్లో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలింది. ముగింపు గీత దగ్గరున్న వైద్య శిబిరంలోనే అందరినీ ఐసు నీళ్ల తొట్లలో ముంచారు. 274 మందీ బతికారు.

దీని వెనకున్న గణితం తేలిక. ఐసు నీళ్లలో మెడదాకా ముంచి, నీళ్లు కలుపుతూ ఉంటే శరీరం నిమిషానికి సుమారు 0.2 డిగ్రీలు చల్లబడుతుంది. 42 నుంచి 39కి రావడానికి 15 నిమిషాలు. మీ ఊరికి అంబులెన్స్ రావడానికే అంత పట్టొచ్చు. తలమీద తడి గుడ్డ వేసి, ఫ్యాన్ కింద పడుకోబెడితే ఇందులో సగం వేగం కూడా రాదు. నుదుటి మీద చూసే థర్మామీటరూ, చంకలో పెట్టేదీ ఇక్కడ నమ్మదగినవి కావు. తడిసిన చర్మం చల్లగా ఉండి లోపల మంటలున్నా ‘జ్వరం లేదు’ అంటాయవి. నిజం చెప్పేది మలద్వారంలో పెట్టే థర్మామీటరే, దాన్ని వాడటం తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే కొలత కోసం ఆగకుండా ముంచేయడమే.

2018 మే 29న అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు 110 గజాల చొప్పున పది పరుగుల సాధనలో తూలిపోయాడు. ఉష్ణోగ్రత చూడలేదు, చల్లనీళ్లలో ముంచలేదు. లక్షణాలు కనిపించాక అంబులెన్స్ కదిలేసరికి గంట దాటింది. జూన్ 13న చనిపోయాడు. శిక్షకులు తప్పు చేశారని విశ్వవిద్యాలయమే ఒప్పుకుంది. కోట్ల డాలర్ల క్రీడా విభాగం అది. తొట్టి ఖరీదు ఎంతని?

మన వేసవి శిక్షణ శిబిరాలకు తొట్టి కూడా కొననక్కర్లేదు. ఇంటి ముందు ఉండే సిమెంటు గోలెం పనికొస్తుంది. అదీ లేకపోతే ధాన్యం మీద కప్పే టార్పాలిన్ చాలు. నలుగురైదుగురు అంచులు ఎత్తి పట్టుకుంటే మధ్యలో పిల్లవాణ్ని పడుకోబెట్టి 100–150 లీటర్ల నీళ్లు, ఐసు పోసి అటూ ఇటూ ఊపడం. తల పైకి ఉండేలా ఒకరు పట్టుకుంటారు. ఐసు ముక్కలు పక్క చేపల మార్కెట్లోనో సోడా కొట్టులోనో దొరుకుతాయి, ఏ కొట్టులో అన్నది ముందే మాట్లాడి పెట్టుకోవాలి. మే నెలలో పొద్దున 8 దాటాక పిల్లలను పరుగెత్తించకపోతే ఈ పేరా అంతా చదవక్కర్లేదన్నది వేరే మాట.

మెడ, వెన్ను దెబ్బలకు నియమం ఒక్క వాక్యం: కబడ్డీలో మీద పడ్డా, ఎత్తు నుంచి పడ్డా, తెలిసినవాళ్లు వచ్చేదాకా ఎత్తకండి, కూర్చోబెట్టకండి. పిడుగులకు 30 చాలు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లలోపు ఉంటే అది 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, అందరూ పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. చింతచెట్టు పక్కా భవనం కాదు.

ప్లాన్ పనిచేస్తే ఎలా ఉంటుందో ప్రపంచం టీవీలో చూసింది. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ పడిపోగానే రిఫరీ ఆంథోనీ టేలర్ క్షణాల్లో వైద్యులను లోపలికి పిలిచాడు. మైదానంలోనే సీపీఆర్, ఒక్క షాక్. ఎనిమిది నెలలకు అతను మళ్లీ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఆడాడు. 2023 జనవరి 2న సిన్సినాటిలో ఛాతీకి దెబ్బ తగిలి గుండె ఆగిన 24 ఏళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ కూడా అలాగే దక్కాడు. అమెరికా ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రతి మ్యాచ్‌కూ 60 నిమిషాల ముందు రెండు జట్ల వైద్యులు, అంబులెన్స్ సిబ్బంది, రిఫరీ ఒకచోట కలిసి ఎవరు ఎక్కడ నిలబడతారు, ఏ ఆస్పత్రికి వెళ్తారు అని మాట్లాడుకుంటారు. హామ్లిన్ పడిన రోజు పనిచేసింది ఆ మాటలే. మన జిల్లా స్థాయి పోటీలకు 60 నిమిషాల ముందే కలవక్కర్లేదు. టాస్ వేసే ముందు రెండు నిమిషాలు చాలు: ఇద్దరు కోచ్‌లు, అంపైర్, తాళంచెవి ఉన్న మనిషి.

ఆ కాగితం ఒక పేజీ దాటకూడదు. డ్రెస్సింగ్ రూమ్ తలుపుకు, గేటు దగ్గర, ఏఈడీ పెట్టె మీద అంటించాలి. నాలుగు పనులకు నలుగురు: ఛాతీ నొక్కేది, యంత్రం తెచ్చేది, ఫోన్ చేసేది, గేటు తెరిచి అంబులెన్స్‌కు ఎదురెళ్లేది. ఒక్కో పేరు కింద రెండో పేరు, ఎందుకంటే మొదటివాడు ఆ రోజు సెలవులో ఉండొచ్చు, పడిపోయినవాడే అయ్యుండొచ్చు కూడా. ఏడాదికి ఒక్కసారి స్టాప్‌వాచ్ పెట్టి బొమ్మతోనో దిండుతోనో చేసి చూసి, ఎంతసేపు పట్టిందో కాగితం కిందే తేదీతో రాయాలి. మొదటిసారి 3 నిమిషాలు దాటితే గాభరా పడక్కర్లేదు, ఎక్కడ దాటిందో తెలిసింది కదా.

ప్రభుత్వ స్కూళ్లలో ఇంకో పని ఉంది. బదిలీల ఉత్తర్వులు వచ్చిన రోజే కాగితం మీద పీఈటీ పేరు, నంబరు మార్చాలి. కొత్తాయన చేరేదాకా ఆగితే, ఆ మధ్య వారాల్లో ఇక్కడ ఎవరికేమైనా ఫోన్ మోగేది పక్క జిల్లాలో.